మా బిందె మీది విశ్వవిద్యాలయం

మా పెళ్ళయి ఈ రోజుకి నాలుగు నెలల పదకొండు రోజులు. 'మా ఆయన' అనడం నాకింకా కొత్త. కూరల కొట్లో కూడా, అవసరం లేకపోయినా, మా ఆయనకి బెండకాయలంటే ఇష్టమండీ అని చెబుతుంటాను. కొట్టతను నాలుగు కాయలు ఎక్కువేస్తాడు. అంచేత ఈ కథలో ఆ మాట కాస్త ఎక్కువసార్లు దొర్లితే సర్దుకోవాలి.

మా ఆయన పేరు సోమసుందర్. శ్వేతగిరి విశ్వవిద్యాలయంలో, పరీక్షల విభాగంలో జూనియర్ అసిస్టెంటు. కాపురం పెట్టింది పిండి మిల్లు మీద ఒక గదిలో. ఉదయం తొమ్మిదింటికి కింద మర మొదలైతే మా గది సన్నగా వణికేది. స్టవ్వు మీద పాలలో చక్కెర దానంతటదే కరిగిపోయేది. సాయంత్రానికి ఇద్దరి జుట్టూ తెల్లబడేది. అద్దం ముందు పక్కపక్కన నిలబడి, ముసలివాళ్ళమయ్యాక ఇలా ఉంటామన్నమాట అని చూసుకునేవాళ్ళం. నాకా గది ఎంతో నచ్చింది. కాని మిల్లు యజమాని వీర్రాజు గారు మే ఒకటో తారీకుకి కారం మర తెప్పిస్తున్నారు. మిరపకాయల బస్తాలు వేసుకోవడానికి మా గది కావాలన్నారు. మంచి మనిషి, వెళ్ళిపొమ్మనలేదు. బస్తాలతో పాటు ఉండగలిగితే ఉండమన్నారు.

అదృష్టం ఏమిటంటే విశ్వవిద్యాలయం క్వార్టర్ల జాబితాలో మా ఆయన పేరు మొదటికి వచ్చింది. పద్నాలుగో నంబరు ఖాళీగా ఉంది. ఓ ఆదివారం వెళ్ళి కిటికీలోంచి చూశాం. రెండు గదులు, వంటింట్లో నల్లరాతి గట్టు, గట్టు పక్కనే కుళాయి, పెరట్లో నా నడుమంత కరివేపాకు మొక్క. ఊచల్లోంచి చెయ్యి దూర్చి గట్టు ముట్టుకోబోయాను, అందలేదు. ఆర్డరు చేతికొస్తే ముట్టుకుందువుగానిలే అన్నారు మా ఆయన. ఆర్డరు లెటర్‌హెడ్ మీద రావాలి. సరిగ్గా అప్పుడే విశ్వవిద్యాలయానికి కొత్త లోగో వచ్చింది.

పాత చిహ్నంలో అన్నీ ఉండేవి. తామరపువ్వు, తెరిచిన పుస్తకం, దీపం, నాగలి, పళ్ళచక్రం, కొండ, కొండ వెనక సూర్యుడు, ఒక మూల ఎవరూ పోల్చుకోలేని జంతువు. పట్నం నుంచి వచ్చిన కంపెనీవాళ్ళు వాటన్నిటినీ తీసేసి ఒక వంపు, వంపు కింద ఒక చుక్క ఇచ్చారు. ఆవిష్కరణ సభకి ఉద్యోగుల కుటుంబాలనీ పిలిచారు. నేను పెళ్ళిచీర కట్టుకుని వెళ్ళాను. వంపు అంటే జ్ఞానం ముందు తలవంచిన వినయమనీ, చుక్క అంటే విద్యార్థి అనీ వైస్ చాన్సలర్ గారు వివరించారు. నాకు మాత్రం అది గరిటెలానూ, దాన్నుంచి జారిన పప్పు బొట్టులానూ కనిపించింది. ఆ సంగతి మా ఆయన చెవిలో చెప్పాను. ఆయన నవ్వు ఆపుకోబోయి పెద్దగా దగ్గారు. ముందు వరసలోంచి ఒకాయన మెల్లగా తల తిప్పి మా ఇద్దర్నీ చూశారు. ఆయనే డాక్టర్ వైకుంఠం గారు, ఆ రోజే పుట్టిన చిహ్న పరిరక్షణ కేంద్రానికి సంచాలకులు.

ఆ వారంలోనే మా ఆయన సెక్షన్ వాళ్ళు మాకు పెళ్ళి కానుక ఇచ్చారు. పెద్ద స్టీలు బిందె. కొనడం, పేర్లు కొట్టించడం అంతా సీనియర్ అసిస్టెంటు సత్తిబాబు గారు చూశారు. ఏ పనైనా చెప్పినదానికంటే కాస్త ఎక్కువ చేసే మనిషి. పేర్లు కొట్టించాక బిందె మెడ దగ్గర జానెడు జాగా మిగిలితే, జేబులో ఉన్న ఆవిష్కరణ సభ ఆహ్వానపత్రం తీసి, ఈ బొమ్మ కూడా కొట్టెయ్యవయ్యా అన్నారట. స్టీలు సామాను కొట్లో పేర్లు కొట్టే మిషను మీకు తెలుసుగా, గుర్రుమంటూ చుక్కలు చుక్కలుగా పోతుంది. వంపు చివర మిషను కాస్త జారి చిన్న తోక కూడా వచ్చింది. దాని కిందనే నా పేరు, ఆ పక్కన మా ఆయన పేరు, ఇరవైమూడు ఫిబ్రవరి, అడుగున 'పరీక్షల విభాగం మిత్రుల ఆశీస్సులతో'. నా పేరు అంత మెరుస్తూ ఎక్కడా చూడలేదు. రెండు రోజులు అందులో నీళ్ళు కూడా పోయలేదు.

తరువాత నియమావళి వచ్చింది. రెండు వందల పన్నెండు పేజీలు. లోగోను వంచరాదు, సాగదీయరాదు, వాల్చరాదు, దానిపై నీడ పడనీయరాదు. అన్నిటికంటే ముఖ్యమైంది 'రక్షిత శూన్యం'. లోగోకి నాలుగు వైపులా, చుక్క వెడల్పుకి రెండింతల మేర ఏ అక్షరమూ, బొమ్మా, వస్తువూ ఉండకూడదు. అంతవరకు బాగానే ఉంది. కాని మొదటి సమావేశంలోనే, రెండింతలతో సరిపెట్టడం గౌరవాన్ని కొలిచి పోసినట్టుంటుందని ఒక ప్రొఫెసర్ గారు బాధపడ్డారు. ఇంకొకరు ఆరింతలన్నారు. ఆయన కంటే తక్కువ గౌరవం ఉన్నట్టు కనబడటం ఇష్టం లేక మూడో ఆయన పన్నెండు అన్నారు. పన్నెండు ఏకగ్రీవంగా ఖాయమైంది.

నియమావళి అట్ట మీదే లోగో కింద ఉన్న 'నియమావళి' అన్న మాట శూన్యంలో పడిందని కనిపెట్టింది వైకుంఠం గారే. ఆ నిజాయితీకి సభ చప్పట్లు కొట్టింది. రెండో ముద్రణలో ఆ మాట తీసేశారు. అది ఏ పుస్తకమో తెలియక లైబ్రరీ వాళ్ళు గణితంలో పెట్టారు.

ప్రధాన ద్వారం మీద పెట్టిన లోగోలో చుక్కే తిరగలంత ఉంటుంది. శూన్యమంటే కాగితం మీది ఖాళీయే కాదనీ, గాలి కూడా శూన్యమేననీ న్యాయశాస్త్ర విభాగం అభిప్రాయమిచ్చింది. దాంతో ద్వారం కింద నుంచి వెళ్ళే ప్రతివాడూ లోగో రక్షిత శూన్యంలోకి చొరబడుతున్నట్టు తేలింది. గేటు మూసేశారు. విద్యార్థులు క్యాంటీను వెనక గోడ దూకి రావడం మొదలుపెట్టారు. గోడ మీద లోగో లేదు గనక అది సక్రమ మార్గమని సర్క్యులర్ వచ్చింది.

విశ్వవిద్యాలయం బస్సు స్పీడు బ్రేకరు మీద ఎగిరినప్పుడు లోగో పదకొండు డిగ్రీలు వాలుతోందని ఇంజనీరింగ్ కాలేజీ వారు కొలిచి ఇచ్చారు. బస్సుని ఇటుకల మీదకి ఎక్కించి నిలిపేశారు. వైస్ చాన్సలర్ గారి కోటు మీది బిళ్ళకి ఆయన గడ్డం మరీ దగ్గరగా ఉందని తేలాక, బిళ్ళని వెండి పళ్ళెంలో పెట్టి ఒక అటెండరు ఆయనకి ఆరడుగుల ముందు నడిచేవాడు.

ఆ తరువాత పట్టాలు. పట్టా మీద లోగో పెద్దది కాబట్టి దాని శూన్యం కాగితం నాలుగు అంచులూ దాటిపోయింది. పేరు రాయడానికి వీల్లేదు. ఈ ఏడు స్నాతకోత్సవంలో పదకొండు వందల మందికి తెల్ల కాగితం మీద లోగో మాత్రమే ఇచ్చారు. ఎవరికి ఏ పట్టా వచ్చిందో నోటితో చెప్పారు, గుర్తుపెట్టుకోమన్నారు. ఎవరిది ఎవరికిచ్చినా ఒకటే కదా అని మా ఆయన ఆ వారమంతా నాలుగున్నరకే ఇంటికొచ్చేశారు. లోగో మీద నాకు గౌరవం కలిగింది ఆ ఒక్క వారమే.

ఏప్రిల్ పదిహేడున మా క్వార్టరు ఆర్డరు వచ్చింది. ఇద్దరం కలిసి కవరు చింపాం. లోపల తెల్ల కాగితం. పైన లోగో. కింద ఏమీ లేదు. వెనక తిప్పాం. వెనకా ఏమీ లేదు. మా ఆయన దాన్ని ఎస్టేటు ఆఫీసరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆర్డరు సక్రమంగానే ఉందనీ, అందులో ఏముందో మాత్రం తెలియడం లేదనీ ఆయనన్నారట. పోనీ విషయం రాసి ఇవ్వండి అంటే, విషయముంటే లోగో ఉండదు, లోగో లేకపోతే అది ఆర్డరు కాదు అన్నారట. ఆ రోజు వీర్రాజు గారు మొదటి విడతగా రెండు మిరపకాయల బస్తాలు మా గదిలో ఒక మూల పెట్టించారు. మేమిద్దరం తుమ్ముతూ భోంచేశాం. ఒకరి తరువాత ఒకరు తుమ్మితే నవ్వొస్తుంది కాని, పదమూడు రోజుల్లో నలభై బస్తాలు రావాలి.

మా ఆయన వైకుంఠం గారిని కలిసి బతిమాలుకోవడానికి వెళ్ళారు. ధైర్యానికి సత్తిబాబు గారు కూడా వెళ్ళారు. మా ఆయన చెప్పుకున్నదంతా విని సంచాలకులు గారు మెత్తబడుతున్నట్టే ఉన్నారట. ఇంకాస్త మెత్తబరుద్దామని సత్తిబాబు గారు, లోగో అంటే మా సెక్షన్‌కి ఎంత భక్తో చెప్పలేనండీ, వీళ్ళ బిందె మీద కూడా కొట్టించాను అన్నారు.

మర్నాడు వైకుంఠం గారు ఇద్దరు సభ్యులతో మా మిల్లు మెట్లెక్కి వచ్చారు, వాళ్ళ వెనక మా ఆయనా, సత్తిబాబు గారూ. మర ఆడుతోంది. వచ్చిన అయిదు నిమిషాలకే కేంద్రం వాళ్ళ ముగ్గురి కనుబొమ్మలూ తెల్లబడ్డాయి. బిందెని స్టూలు మీద పెట్టించి, దారంతో కొలిచారు, టార్చి వేసి చూశారు. ఒక సభ్యుడు కొలతలు రాసుకుంటూ తుమ్మాడు. వైకుంఠం గారు కళ్ళజోడు తుడుచుకున్నారు.

"అమ్మా, ఈ 'హైమవతి' అను పదము రక్షిత శూన్యములోనికి అనధికారికముగా ప్రవేశించి యున్నది."

"అది నా పేరండీ."

"ఎవరి పేరైనను ఒక్కటే. శూన్యమునకు వ్యక్తులతో పని లేదు. పదమును తొలగించవలసి యున్నది."

మా ఆయన పేరు మాత్రం లోగోకి ఓ వేలెడు దూరంలో శుభ్రంగా ఉందట, దానికి ఇబ్బంది లేదట. నా పేరు తీసేస్తే బిందె మీద మా ఆయన ఒక్కరే పెళ్ళి చేసుకున్నట్టుంటుంది. ఆ మాటే అనబోయాను. అప్పుడు, ఆఫీసులో పైవాళ్ళ ముందు గొంతు పెంచడానికి కూడా సందేహించే మా ఆయన ముందుకొచ్చి నిలబడ్డారు.

"ఆ పేరు తీయించనండి. క్వార్టరు ఇవ్వకపోయినా సరే."

నాకు ఆ నల్లరాతి గట్టు ఒక్కసారి కళ్ళ ముందు మెరిసి, దూరంగా జరిగిపోయినట్టనిపించింది. అయినా ఆ సాయంత్రం మా ఆయన అన్నంలో నెయ్యి రెండుసార్లు వేశాను. అది తరువాతి సంగతి.

అంతలో గుమ్మం దగ్గర నిలబడ్డ సత్తిబాబు గారు చెయ్యెత్తారు. "సార్, దగ్గరుండి కొట్టించాను కాబట్టి చెబుతున్నాను. చెల్లెమ్మ పేరు ముందు కొట్టాడండి. లోగో తరువాత కొట్టాడు. జొరబడింది లోగోయేనండి."

వైకుంఠం గారు నియమావళి తీసి తిరగేశారు. లోగోయే ఆక్రమణకు పాల్పడితే ఏం చేయాలో రెండు వందల పన్నెండు పేజీల్లో ఎక్కడా లేదు. ముగ్గురూ మెట్ల మీద కూచుని చర్చించుకుని, తాత్కాలికానికి లోగో అక్కర్లేదంటూ తెల్ల కాగితం మీద చేత్తో ఒక ఉత్తర్వు రాసిచ్చారు. విచారణ ముగిసేవరకు యథాతథ స్థితి. బిందెపై గల ఏ గుర్తునూ ఎవరూ చెరపరాదు, మార్చరాదు. బిందె శ్రీమతి హైమవతి వంటగది నుండి కదలరాదు. క్వార్టరు ఫైలు కూడా అంతవరకు ఆగుతుంది. అందులో నీళ్ళు పట్టుకోవచ్చా అని అడిగాను. నీరు పారదర్శకము గనుక అభ్యంతరము లేదన్నారు.

ఆ వారమే మహా ప్రక్షాళన మొదలైంది. నియమానికి సరిపడని ప్రతి లోగోనీ తీసేయడం. ద్వారం మీది లోగోని కాకులు ముట్టుకుంటున్నాయని దించేశారు. బస్సుకి రంగు పూశారు. పళ్ళెంలోని బిళ్ళకి పళ్ళెం అంచు తగులుతోందని కరిగించారు. లెటర్‌హెడ్లు, కవర్లు, సంచులు, నియమావళి ప్రతులు అన్నీ కోసి పడేశారు. ఎవరింట్లోనైనా ఆహ్వానపత్రాలుంటే తెచ్చి ఇవ్వమన్నారు. స్నాతకోత్సవం పట్టాలు సవరణకని వెనక్కి రప్పించారు.

మిగిలింది పట్నం కంపెనీ ఇచ్చిన అసలు ప్రతి ఒక్కటే. అది చిహ్న పరిరక్షణ కేంద్రం కంప్యూటర్లో భద్రంగా ఉంది. ఒక మధ్యాహ్నం వైకుంఠం గారు తెర మీద దాన్ని చూస్తూ కూచున్నారు. బొమ్మ కిందనే, మరీ ఆనుకుని, ఫైలు పేరు కనిపిస్తోంది. పేరు తీసేయబోయారు. పేరు లేకుండా ఫైలుని ఉంచడం కుదరదంది కంప్యూటర్. ఎంతో బాధతో, ఎంతో నిజాయితీతో, ఆయన ఫైలుని తీసేశారు.

అలా ఏప్రిల్ ఇరవైఆరు సాయంత్రానికి విశ్వవిద్యాలయంలో నియమావళిని ఉల్లంఘించే లోగో ఒక్కటీ లేకుండా పోయింది. లోగోయే లేకుండా పోయింది.

ఈ సంగతి బయటపడింది ఇరవైఎనిమిదిన. మర్నాడు గ్రేడు ఇచ్చే తనిఖీ బృందం వస్తోంది. వాళ్ళు ముందుగా పంపిన దరఖాస్తులో మొదటి గడి, విశ్వవిద్యాలయ లోగో అతికించుడు. కంపెనీవాళ్ళని ఇంకో ప్రతి అడగాలంటే ఉత్తరం రాయాలి, ఉత్తరానికి లెటర్‌హెడ్ కావాలి. రిజిస్ట్రార్ భుజంగరావు గారు పెద్దలందరినీ కూచోబెట్టి, గుర్తున్నంతవరకు గీయమన్నారట. ఒకరు కొడవలి గీశారు. ఒకరు చెవి గీశారు. వైస్ చాన్సలర్ గారు గీసినదాన్ని చూసి ఎవరూ ఏమీ అనలేదు. వంపు కుడికా ఎడమకా అన్న దగ్గర ఓటింగు పెట్టారు, సమానంగా పడ్డాయి. అప్పుడు టీ ఏర్పాట్లు చూస్తున్న సత్తిబాబు గారు, మా సోమసుందర్ వాళ్ళింట్లో ఒకటుండాలండి అన్నారట.

మధ్యాహ్నం పన్నెండు గంటలకి రిజిస్ట్రార్ గారు, వైకుంఠం గారు, వెనక మా ఆయన, సత్తిబాబు గారు మెట్లెక్కి వచ్చారు. అప్పటికి గదిలో ముప్పైయొక్క బస్తాలున్నాయి. వాటి మధ్య నేను, స్టవ్వు, బిందె. రిజిస్ట్రార్ గారు బిందె ముందు మోకాళ్ళ మీద కూచుని వంపు ఎటు తిరిగిందో చూసి, వెనక్కి చూడకుండానే, ఎడమకయ్యా అన్నారు. వైకుంఠం గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భక్తి వల్లో మిరపకాయల వల్లో చెప్పలేను.

బిందెని తీసుకెళతామమ్మా అన్నారు రిజిస్ట్రార్ గారు. నేను పోపుల డబ్బా కింద దాచిన ఉత్తర్వు తీసి చూపించాను. ఆయన చదివి వైకుంఠం గారి వైపు చూశారు. వైకుంఠం గారు తలవంచుకున్నారు. విచారణ ముగియలేదు, ఆ లోపల బిందె కదలడానికి వీల్లేదు, ఉత్తర్వు రద్దు చేయాలంటే లెటర్‌హెడ్ కావాలి. పోనీ తనిఖీ బృందాన్నే ఇక్కడికి తెస్తే అన్నారు రిజిస్ట్రార్ గారు. అంటూనే మూడుసార్లు తుమ్మి, ఆ ఆలోచన మానుకున్నారు.

నేను ఉత్తర్వు మళ్ళీ చదివాను. తెలుగు ఎమ్మే చదివినందుకు ఇన్నాళ్ళకి ఒక ప్రయోజనం కనిపించింది.

"బిందె నా వంటగదిలోంచి కదలకూడదని ఉందండీ. నా వంటగది కదలకూడదని లేదు."

రిజిస్ట్రార్ గారు ఉత్తర్వు అందుకుని ఆ వాక్యం మళ్ళీ చదివారు. ఆ తరువాత మా ఆయన్ని చూసి, క్యాంపస్‌లో మీకు ఏ క్వార్టరు అన్నారు. పద్నాలుగండీ అన్నారు మా ఆయన, అందరికీ వినబడేలా. తాళంచెవి రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆర్డరు లేదు, కాగితం లేదు, సంతకం లేదు. నోటిమాట మీద ఇచ్చారు.

వంటగది అలా ఊరు దాటింది. తోపుడు బండి మీద నడిమధ్యన బిందె, దాని చుట్టూ స్టవ్వు, గిన్నెలు, పోపుల డబ్బా, కత్తిపీట, చీపురు. దారిలో ఎక్కడా బిందె వంటగది బయటికి రాకుండా వైకుంఠం గారు బండి పక్కనే నడిచారు. రైలు గేటు దగ్గర కుదుపుకి అప్పడాలకర్ర జారి కింద పడితే బండి ఆపించి, దాన్ని తీసి, యథాస్థానంలో పెట్టి, అప్పుడు కదలమన్నారు. ప్రధాన ద్వారం మీద లోగో లేదు కాబట్టి గేటు తీశారు. ఆ గేటు దాటి నేను కాపురానికి వెళ్ళాను.

నల్లరాతి గట్టు ముట్టుకున్నాను. చల్లగా ఉంది. రిజిస్ట్రార్ గారు చూస్తుండగానే బిందె గట్టు మీద పెట్టి, స్టవ్వు వెలిగించి, పాలు పొంగించాను.

మర్నాడు తనిఖీ బృందం మా వంటింట్లోకి వచ్చి లోగో చూసింది. ఉప్మా తింది. సమాజంతో విశ్వవిద్యాలయం ఇంతగా మమేకం కావడం తామెక్కడా చూడలేదని రాసి, మంచి గ్రేడు ఇచ్చి వెళ్ళింది.

ఇక మిగిలిన ఏకైక ప్రతి అదే కాబట్టి బిందెయే మూలప్రతి అని తీర్మానమైంది. వైకుంఠం గారు స్వయంగా వచ్చి, కాగితం అద్ది, పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకున్నారు. తోక గురించి అడిగితే, అది జ్ఞానం యొక్క కొనసాగింపునకు సంకేతమన్నారు. పేర్ల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారు. నియమావళి మూడో నియమం, మూలప్రతికి ఏదీ చేర్చరాదు, దానినుండి ఏదీ తీసివేయరాదు. ఆయన మొత్తం రుద్దుకున్నారు. లోగోలో భాగం లోగో శూన్యంలోకి చొరబడడం సాధ్యం కాదు గనక విచారణ కూడా ఆ పూటే ముగిసింది.

కొత్త పట్టాలు పోయిన వారం వచ్చాయి. నడిమధ్యన చుక్కలు చుక్కలుగా గరిటె, తోక, పప్పు బొట్టు. దాని కింద నా పేరు, మా ఆయన పేరు, ఇరవైమూడు ఫిబ్రవరి, పరీక్షల విభాగం మిత్రుల ఆశీస్సులతో. పట్టా పొందినవారి పేరుకి మాత్రం ఇంకా చోటు దొరకలేదు. పరిశీలనలో ఉందట.

నిన్న ఉదయం బిందెలో నీళ్ళు పడుతుంటే ఒకమ్మాయి వచ్చింది. కామర్స్ చదివిందట, మొన్ననే ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్ళిందట. పట్టా మీద ఈ హైమవతి ఎవరని అడిగితే ఏం చెప్పాలో తోచక, మా విశ్వవిద్యాలయం స్థాపించిన ఆవిడండీ అని చెప్పిందట. వాళ్ళు లేచి నిలబడ్డంత పని చేశారట. ఉద్యోగం వచ్చింది. అలా చెప్పడం తప్పా అండీ అని అడిగింది.

లోపలికి పిలిచి కాఫీ ఇచ్చాను. తప్పేమీ లేదమ్మా, మా ఆయన కూడా ఉన్నారు అందులో, ఆయన సంగతి కూడా చెప్పాల్సింది అన్నాను.